మైనస్ మూడువందల ఐదు

బ్రేమర్‌హాఫెన్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
నావికుల పింఛను ఆఫీసు మూడో అంతస్తులో
నేనూ, హీటరూ,
ముప్పై ఏళ్ళనాటి ఒక ప్రోగ్రామూ.
కిటికీ అద్దం మీద ఉప్పు పేరుకుంది.

నాకు కావలసింది ఒక్క ముక్క:
ఫలానా మనిషి ఎప్పుడు పోయాడు?
టేబుల్‌ని నేరుగా అడిగితే రెప్పపాటులో చెబుతుంది.
నేను మాత్రం కోబాల్ నోటితో అడగాలి.

కోబాల్ గుమాస్తా.
ఏడు గళ్ళు వదిలి ఎనిమిదో గడిలో మొదలుపెడుతుంది,
డెబ్బై రెండు దాటితే
మాటని మధ్యలోనే తుంచేస్తుంది.
వేలు తడిచేసుకుని
ఒక్కో కాగితం తిప్పడమే దానికి తెలిసిన విద్య.
ఎస్‌క్యూఎల్ దొరసాని.
గుంపులు గుంపులుగా తప్ప తీసుకురాదు,
ఎలా తెచ్చావమ్మా అంటే మొహం తిప్పుకుంటుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు.
ఆ ఒర నేను.

ఎగ్జెక్ ఎస్‌క్యూఎల్ అని తలుపు తెరవాలి,
ఎండ్ ఎగ్జెక్ అని గడియ వేయాలి,
ఈలోగా నేను పెట్టుకున్న పేర్లకే
ముందు రెండు చుక్కలు తగిలించాలి,
పరాయి ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచినట్టు.
ఇటు పేర్లలో అడ్డగీత, అటు పేర్లలో కిందిగీత.
ఎన్నిసార్లు తారుమారు చేశానో
ఆ లెక్కకే ఒక టేబుల్ పెట్టొచ్చు.
కర్సర్ తెరువు, ఒక వరుస లాగు, ఇంకోటి లాగు,
వంద అని జవాబొస్తే అయిపోయినట్టు, మూసెయ్.

ఆపైన ప్రీకంపైలర్.
నేను రాసిన ప్రశ్నని నక్షత్రం గుర్తులు పెట్టి
వ్యాఖ్యగా పడుకోబెట్టి
దాని కింద తనకు నచ్చిందేదో రాసుకుంటుంది.
తప్పు మాత్రం
వెయ్యిన్నీ నలభయ్యో వరుసలో ఉందంటుంది.
నేను రాసిందే ఆరువందలు!

కొత్తగా చేరిన ట్యార్క్ నా భుజం మీంచి చూసి
"ఈ రోజుల్లో కూడా ఇలా రాస్తారా, ఫ్రౌకె?" అన్నాడు.
"పింఛన్లు ఇలాగే వెళ్తున్నాయి" అన్నాను.
మీ అమ్మమ్మది కూడా, అని మాత్రం అనలేదు.

ఇవాళ ఆగిన చోటు:
హార్మ్ టీట్యెన్, ట్రాలర్‌లో వంటవాడు.
ఐస్‌లాండ్ దారిలో పడవా, పదకొండు మందీ,
పొయ్యి మీది సూపూ
ఏమయ్యాయో ఎవరూ చూడలేదు.
మరణ తేదీ గడిలో నల్.
సున్నా కాదు. ఖాళీ కాదు.
డేటాబేసుకి "తెలియదు" అనడం వచ్చు.
కోబాల్‌కి రాదు.
అంకె ఇవ్వు, అక్షరం ఇవ్వు, పోనీ ఖాళీజాగా ఇవ్వు,
తెలియకపోవడాన్ని పోసుకునే గిన్నె
దాని వంటింట్లో లేదు.
అందుకే మైనస్ మూడువందల ఐదు.
ప్రోగ్రాం కూలబడింది.
వెనక క్యూలో నాలుగువేల పింఛన్లు.

పాత ఫైల్లో ఆ చోట ఎనిమిది సున్నాలుండేవి.
పోయిన నెల ట్యార్క్ వాటిని ఊడ్చి నల్ చేశాడు.
వాడి తప్పేం లేదు. సున్నాలే అబద్ధం.
టీట్యెన్ భార్య గేస్కె ఏటా కౌంటరుకి వచ్చి
ఫారంలో ఆ తేదీ దగ్గర
పెన్సిలుతో చిన్న గీత గీసిపోయేది.
ఆ గీతని సున్నాలుగా కొట్టింది
అప్పట్లో కౌంటర్లో కూర్చున్న నేనే.
ఆ కీబోర్డులో గీత లేదని కాదు,
గడి ఒప్పుకోలేదు.

మందు ఉంది, చిన్నదే.
తేదీ పక్కన ఇంకో బుల్లి గడి కట్టాలి,
సూచిక అంటారు.
అందులో మైనస్ ఒకటి పడిందంటే
పక్కగదిలోకి తొంగిచూడకు, ముందుకెళ్ళు అని.
కట్టాను. రెండు చుక్కలు పెట్టాను,
ఆనుకుని మళ్ళీ రెండు చుక్కలు.
అడ్డగీతలు సరిచూశాను.
ట్యార్క్ కాఫీ తెచ్చి, ఈసారి ఏమీ అనకుండా
కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఏడున్నరకి కంపైల్ కొట్టాను.
వాక్యం చివర చుక్క మరిచానట,
వెయ్యిన్నీ నలభయ్యో వరుసలో